చింతచెట్టు నీడలో సూర్యుడు

తారు మరగడానికి ఇంకా కాసేపు పడుతుంది. దేవరాజులు డ్రమ్ము కిందికి మరో కంపమొద్దు తోసి, గాలివాటం చూసుకుని పొగకు అవతలికి జరిగాడు. కళ్ళు మండుతున్నాయి. మెడకు చుట్టుకున్న గుడ్డతో తుడుచుకుని, పార అందుకుని రోడ్డు మీది గుంటలో దుమ్ము గీకటం మొదలుపెట్టాడు. కాళ్ళకు చుట్టుకున్న గోనెపట్టలకు పాత తారు అంటుకుని అట్టలు కట్టింది. మోచేతుల దాకా కాలిన మచ్చలు. అందులో కొన్ని ఆయన పెళ్ళికి ముందువి. గుంట అంచులు నిటారుగా చెక్కి, పరకతో ఊడ్చి, వంగి నోటితో కూడా ఒకసారి ఊదాడు. లేచేటప్పుడు ఎడమ భుజం పట్టేసినట్టయింది. పొద్దున్నుంచీ అట్లాగే ఉంది. పొగ ఎక్కువ మింగినట్టున్నానులే అనుకున్నాడు.

చిత్తూరు నుంచి పలమనేరు పోయే రోడ్డు అది. మొగిలి కొండ ఎక్కడానికి ఇవతల రెండు పక్కలా చింతచెట్లు. రోడ్డు కూలీగా చేరిన నాటి నుంచి దేవరాజులుకు ఆ చెట్ల కిందే పని, ఆ చెట్ల కిందే తిండి, మధ్యాహ్నం ఒక కునుకు కూడా ఆ వేళ్ళ మీదే. దారిన పోయే బస్సుల్లోని వాళ్ళు ఆయనను చూసి ఉండరు. చూసినా గుర్తుపెట్టుకునేటంత ఆకారం కాదు. సన్నగా, నల్లగా, మాట తక్కువగా ఉండే మనిషి.

ఆ రోజు సూర్యగ్రహణం. ఇంత పెద్ద గ్రహణం మన తరంలో చూడలేదని పేపర్లో రాశారట. గుళ్ళు పొద్దున్నే మూసేశారని, తిరుమలలో కూడా తలుపులు వేశారని బస్సు కండక్టరు చెప్పిపోయాడు. మధ్యాహ్నానికి ముందే మేస్త్రీ మునిరత్నం పార కింద పడేసి, గ్యాంగునంతా ఇళ్ళకు పొమ్మన్నాడు. ఇద్దరు ఆడకూలీలు అప్పటికే గంపలు బోర్లించి బయలుదేరారు. తారు డ్రమ్ముల కాడ, సామాను కాడ ఒకరు ఉండాలి. మేస్త్రీ చూపు దేవరాజులు మీద పడింది.

“నీకు గ్రానం పట్టింపు ల్యాదు గదప్పా, మీది వేరే దేవుడు” అన్నాడు. “ఈడే ఉండు. పైకి మాత్రం సూడొద్దు, కండ్లు పోతాయంట.”

దేవరాజులు తల ఊపాడు. తనకు ఏ దేవుడితోనూ పట్టింపు లేదని మేస్త్రీకి చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కూడా కనిపించలేదు. నిజానికి పొద్దున ఇంట్లో భార్య గురవమ్మ ప్రార్థన చేసుకుని లేచి, తిన్నగా పోయి ఊరగాయ జాడీలో గరికపోచ వేసింది. అది చూసి ఆయనకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

గురవమ్మ ఆయనకు అక్క కూతురే. ప్రతి ఆదివారం బంగారుపాళెం చర్చికి ఒక్కతే నడిచి పోతుంది. అంతకుముందు ముగ్గురూ పోయేవాళ్ళు. ఆరేళ్ళ కింద వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డ సలోమి, శెనక్కాయలు పెరికేసిన కయ్యలో మిగిలిన కాయలు పరిగె ఏరుకోవడానికి పోయింది. ఎలుకలు బొరియల్లో కాయలు దాచుకుంటాయి. బొరియ తవ్వితే ఒక్కోసారి ఒడి నిండుతుంది. ఆ పిల్ల బొరియలో చెయ్యి పెట్టింది. లోపల ఎలుక లేదు. నాగుబాము ఉంది. ఎడ్లబండి మీద ఆసుపత్రికి తీసుకుపోయేలోగా, తండ్రి ఒళ్ళోనే, నాయనా నిద్రొస్తా ఉండాది అంటూ కళ్ళు మూసింది. దానికి అప్పుడు పన్నెండేళ్ళు.

సమాధి కాడ చర్చి పాస్టరు జయరావు అయ్యగారు మంచి మాటలే చెప్పారు. ఆకాశంలో ఎగిరే పక్షులను చూడండి, అవి విత్తవు, కొయ్యవు, గాదెల్లో దాచుకోవు, అయినా పరలోకంలోని తండ్రి వాటిని పోషిస్తున్నాడు, ఆయనకు తెలియకుండా ఒక్క పిచ్చుకైనా నేలరాలదు అన్నారు. దేవరాజులు మట్టి వేస్తూ వింటూ ఉన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు, వాకిట్లో నూకలు ఏరుకుంటున్న పిచ్చుకలను చూపించి గురవమ్మ అదే మాట మళ్ళీ ఎత్తింది. ఆయన “పామును గూడా ఆయనే గదా సాకతా ఉండేది” అన్నాడు.

గురవమ్మ లేచి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆ మాటా లేదు, బిడ్డ పేరూ లేదు.

అయితే దేవరాజులు మనసులో ముల్లులా మిగిలింది పాము కాదు. సలోమిని పూడ్చిన మర్నాటి ఉదయం ఆయన తొట్టి కాడ ముఖం కడుక్కుంటున్నాడు. ఎప్పటిలాగే సూర్యుడు పొడిచాడు. కొండ మీద ఎండ కాచింది, తీగ మీద పసులపోలిగాడు పిట్ట కూత పెట్టింది, పక్కింటి కోళ్ళు కుప్ప గీరుకున్నాయి. ఏమీ జరగనట్టు. నా బిడ్డ పోయిందే, ఒక్క మబ్బైనా అడ్డం రాలేదే అనుకున్నాడు. ప్రతి మంచి శుక్రవారం గురవమ్మ చర్చి నుంచి వచ్చి, ఆయనకని కాకుండా గాలికి చెప్పినట్టు చెప్పేది, దేవుని కుమారుడు సిలువ మీద ఉన్నప్పుడు పట్టపగలు సూర్యుడు నల్లబడిపోయాడని. దేవరాజులు తాడు పేనుకుంటూ వినేవాడు. ఆయన బిడ్డకైతే సూర్యుడు ఆరుతాడు, మా బిడ్డకైతే ఆరడు అనుకునేవాడు. చర్చి గడప మళ్ళీ తొక్కలేదు.

గ్యాంగు వాళ్ళు పోయాక రోడ్డు ఒక్కసారిగా ఖాళీ అయింది. గ్రహణానికి ముందు చివరి బస్సు పోయి చాలాసేపయింది. దేవరాజులు మంట తగ్గించి, చింతచెట్టు కింద గోనెపట్ట పరుచుకుని కూర్చున్నాడు. కడుపులో ఆకలిగానే ఉంది. గ్రహణం విడిచిన తర్వాతే సంగటి తెస్తానని గురవమ్మ ముందే చెప్పింది.

మొదట ఆయనకు ఏమీ తెలియలేదు. ఎండ కొంచెం పాలిపోయినట్టనిపించింది. ఆ తర్వాత చల్లగాలి తగిలింది. మెడ వెనక వెంట్రుకలు లేచాయి. అవతల బీట్లో మేస్తున్న ఆవులు ఎవరూ అదిలించకుండానే తలలు తిప్పి ఊరి దారి పట్టాయి. చిలకలు కీచుమంటూ వచ్చి చెట్టులో దూరాయి. కాకులు కూడా వచ్చాయి. మొగిలి కొండ నల్లబడలేదు, ఎర్రబడలేదు. పాత సత్తుగిన్నె రంగుకు తిరిగింది. సాయంకాలం తెలుసు ఆయనకు, మబ్బు తెలుసు. ఇది ఆ రెండూ కాదు. ఆయనకు భయమేసింది. పైకి చూడబోయి, మేస్త్రీ మాట గుర్తొచ్చి తల దించుకున్నాడు.

కింద నేల మీద చూసి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు.

చింతాకు సందుల్లోంచి ఎండ గుండ్రంగా, బిళ్ళలు బిళ్ళలుగా పడటం ఆయన రోజూ చూసేదే. ఆ బిళ్ళల మీదే తిన్నాడు, వాటి మీదే నిద్రపోయాడు. ఇప్పుడు అందులో ఒక్కటీ గుండ్రంగా లేదు. అన్నీ కొడవళ్ళు. చెట్టు కింద నేలంతా, గోనెపట్ట మీద, తన చేతుల మీద, తారు మరకల పంచె మీద, చల్లగా వెలుగుతున్న సన్నటి కొడవళ్ళు. అన్నీ ఒక్కవైపే వంగి ఉన్నాయి. చెయ్యి అడ్డం పెట్టాడు. కొడవలి చేతి మీదికి వచ్చింది. తీశాడు. మళ్ళీ నేల మీద పడింది. చూస్తుండగానే ఇంకా సన్నబడ్డాయి, గోరు కత్తిరించి పడేసినంత అయ్యాయి.

అప్పుడు తెలిసింది ఆయనకు. ఇన్నాళ్ళూ తను ఎండ ముక్కలు అనుకున్నవి ముక్కలు కావు. ఒక్కొక్కటీ సూర్యుడే. పైన ఆయనకు గాయమైతే, కింద ఈ దుమ్ములో, ఈ పేడ మీద, తన కాలిన చేతి మీద పడిన ప్రతి చుక్కకూ అదే గాయం అయింది. చుక్క చిన్నదని ఏదీ తప్పించుకోలేదు.

మంచి శుక్రవారాల నాటి గురవమ్మ గొంతు చెవిలో పడినట్టయింది. కుమారుడు పోయిన పూట ఆ తండ్రికి లోకం ఇట్లాగే కనిపించి ఉంటుంది. పక్షులు ఇట్లాగే బెదిరి ఉంటాయి. సలోమిని పూడ్చిన మర్నాడు తొట్టి కాడ నిలబడి తను తిట్టింది ఎవరిని? బిడ్డ పోయిన బాధ ఎరగనివాడు అనుకునే కదా.

కొడవళ్ళు మెల్లగా లావు కావడం మొదలుపెట్టాయి. దేవరాజులుకు గాబరా పుట్టింది. ఇది పోతే చెప్పినా ఎవరూ నమ్మరు, గురవమ్మ కూడా నమ్మదు. లేచి రోడ్డుకు పోసిన జల్లికుప్ప కాడికి పరిగెత్తినట్టే పోయి, పిడికెడు రాళ్ళు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, అన్నిటికంటే పెద్దగా పడిన కొడవలి చుట్టూ ఒక్కొక్క రాయే పేర్చాడు. వెలుగు జరిగిపోతూ ఉంది. తడబడే వేళ్ళతో దాన్ని తరుముకుంటూ చివరి రాయి పెట్టేసరికి చెమట కారి కళ్ళలో పడింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కి బరువైంది. చెట్టుకు ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

గురవమ్మ గంప నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి ఎండ మామూలుగానే ఉంది. చిలకలు కాయలు కొరికి కింద పడేస్తున్నాయి. మొగుడి ముఖం చూసి ఆమె నిలబడిపోయింది. బిడ్డ పోయిన రోజున కూడా ఆయన ముఖం అట్లా విచ్చుకుపోయినట్టు లేదు.

“మే, ఈడికి రా. సూడు” అన్నాడు.

“ఏముండాది మామా? రాళ్ళు గదా.”

“ఎండ ఇట్లా పడినాది మే. చెట్టు కిందంతా. పైన కోసుకపోతే కింద ప్రతి సుక్కా కోసుకపోయినాది. నీకు సూపిద్దామని రాళ్ళు పెట్టినాను.”

ఆమెకు సగమే అర్థమైంది. గంప దించి, సంగటి ముద్ద ఆకులో పెట్టి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసింది. ఆయన చెయ్యి కడుక్కోలేదు. రాళ్ళనే చూస్తూ ఉన్నాడు.

“సలోమి పోయినప్పుడు ఆయనకేం తెల్సులే అనుకున్యా” అన్నాడు.

గురవమ్మ చేతిలోని చెంబు అట్లాగే ఆగిపోయింది. ఆరేళ్ళ తర్వాత ఆ పేరు ఆ నోట వినటం. ఇప్పుడేమనుకుంటున్నావని ఆమె అడగకుండానే ఆయన చెప్పాడు.

“తెల్సు మే. ఆయప్పకు గూడా పిల్లోడు పోయినాడు గదా.”

పాము సంగతి తనకు ఇంకా తెలియదని, అది ఎప్పటికీ తెలియదేమోనని కూడా అన్నాడు. రేపు ఆదివారమేనా అని అడిగాడు. ఆమె అవునంది. చెంబులో నీళ్ళున్నా, నీళ్ళు తెస్తానని లేచి, మడవ తెగి పారుతున్న మోటరు కాలవ దాకా పోయింది. అక్కడ కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ముఖం కడుక్కుని తిరిగి వచ్చింది.

దేవరాజులు చెట్టుకు ఆనుకునే ఉన్నాడు. తల కొంచెం పక్కకు వాలింది. కునుకు తీస్తున్నాడనుకుని ఆమె చప్పుడు చెయ్యకుండా కూర్చుంది. ఆకులో సంగటి ముద్ద చెక్కుచెదరలేదు. చీమలు ఎక్కుతుంటే వాటిని తోలుదామని వంగి, ఆయన చెయ్యి తాకింది.

మామా అని ఒక్కసారే పిలిచింది. రెండోసారి పిలవలేదు. ఆ తర్వాత ఎంతసేపు అట్లా కూర్చుందో, పలమనేరు బస్సు ఆగి, కండక్టరు దిగి వచ్చి భుజం కదిపేదాకా ఆమెకు తెలియదు.

ఆదివారం ఆరాధన అయ్యాక, సలోమి పక్కనే ఆయనను మట్టి చేశారు. అయ్యగారు పక్షుల మాట ఎత్తలేదు. గురవమ్మే నోరు తెరిచి, మొగుడు చెట్టు కింద చెప్పిన మాట చెప్పింది. అయ్యగారు వంగి పిడికెడు మట్టి వేశారు.

సోమవారం గ్యాంగు మళ్ళీ పనిలోకి వచ్చింది. దేవరాజులు చెక్కిపెట్టిన గుంట అట్లాగే ఉంది. దాన్ని నింపుతుంటే చివర్లో జల్లి కొంచెం తక్కువైంది. ఆడకూలీ ఒకామె చెట్టు కింది రాళ్ళు ఎత్తబోతే, మునిరత్నం చెయ్యి అడ్డం పెట్టి, ఎందుకో చెప్పకుండానే, అవతలి కుప్ప నుంచి తెమ్మన్నాడు. తారు పోసి, దిమ్మిసతో గుద్ది, వాళ్ళు సామాను ఎత్తుకుని కొండ వైపు జరిగిపోయారు. చింతాకు రాలి సగం కప్పేసినా, కొడవలి వంపులో పేర్చిన ఆ పిడికెడు రాళ్ళు ఎవరూ కదపక అక్కడే ఉన్నాయి.