పొట్టి సంపెంగను మోసిన కుండీ

నేను ఒక సిమెంటు కుండీని. మూతి కాస్త వంకర. కడియం దారిలో నన్ను పోసిన మనిషి ఫోనులో మాట్లాడుతూ ఒంటి చేత్తో అచ్చు లాగేశాడు. దాంతో జన్మంతా ఎవరినో వెక్కిరిస్తున్నట్టు ఉండిపోయాను. వచ్చినవాళ్ళు నా పక్కవాటిని తట్టి చూసి తీసుకుపోయేవారు. నర్సరీ యజమాని చూసి చూసి నన్నొక పెళ్ళిమండపానికి అద్దెకు పంపాడు. అక్కడ పెద్దమనుషులు నాలో తాంబూలం ఉమ్మి, నా మీది పూలను మెచ్చుకుని వెళ్ళారు.

అలాంటి నన్ను చివరికి తీసుకున్నవాడు సూరిబాబు. మండపేటలో మోటార్లకు వైండింగు చేసుకునే మనిషి. అతనికి కుండీ అందంతో పనిలేదు. అతనికి కావలసింది వాళ్ళమ్మ మాట.

సంగతేమిటంటే, వాళ్ళ పెరట్లో ఒక పెద్ద సంపెంగ చెట్టు ఉండేదట. అతని తండ్రి పెళ్ళయిన ఏడాది నాటింది. ఆయన పోయాక తల్లి సుభద్రమ్మ రోజూ ఆ పువ్వే ఆయన ఫొటోకు పెట్టేది. వేళ్ళు పునాదిలోకి వచ్చి గోడ బీటలిచ్చిందని, ఆవిడ చెల్లెలి ఊరు వెళ్ళిన సమయం చూసి సూరిబాబు చెట్టు కొట్టించేశాడు. ఎదురుగా ఉంటే కొట్టనివ్వదని అతని భయం. తిరిగొచ్చిన సుభద్రమ్మ అరవలేదు, ఏడవలేదు. కొడుకుతో మాట్లాడటం మానేసింది. ఏం చెప్పాలన్నా కోడలు రత్నకుమారికే చెప్పేది. "రత్నం, వాడు అన్నానికి లేత్తాడేమో అడుగు" అనేది, వాడు పక్కనే కూర్చుని వింటుండగా. మనుషులకు అలగడం కూడా ఒక పనే, శ్రద్ధగా చేస్తారు.

నడుమెత్తులోనే పూసే పొట్టి సంపెంగ ఒకటుందని తెలిసి సూరిబాబు నర్సరీకి పరుగెత్తుకొచ్చాడు. అంటు మొక్క. యజమాని నన్ను మొక్కతోపాటు అంటగడుతూ చెప్పాడు: "చిన్న పెరడైనా పర్లేదండి. పొద్దుటెండ తగలాలి, మద్దేనం నీడుండాలి. పైమట్టి ఆరితేనే నీళ్ళొయ్యండి. అంటు కింద చిగురొత్తే గిల్లెయ్యండి, లేపోతే అదే పెరిగిపోయి పైమొక్కని చంపేత్తది."

కొట్టేసిన చెట్టు చోట గది లేచింది. మిగిలిన పెరడు మంచం వేస్తే నిండిపోయేంత. మెట్ల పక్కన నన్ను పెట్టి, అడుగు కన్నం మీద పెంకుముక్క వేసి, ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపి మొక్క నాటాడు. సుభద్రమ్మ కొన్ని నెలలు నా వైపు చూడను కూడా లేదు. ఒక పొద్దున బిందెతో వెళ్తూ ఆగి, నా మట్టిలో వేలు గుచ్చి చూసింది. "సూరీ, చెమ్మ ఎక్కువైంది. ఇయ్యాల పొయ్యకు" అంది. అతను సరేనని, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నా వంకర మూతి మీద నాకు మొదటిసారి కోపం పోయింది.

మరుసటి ఏడాది పూసింది. బంగారు రంగు పువ్వు, ఇంత మొక్కకు అంత వాసన. తొలి పువ్వు ఫొటోకు వెళ్ళింది. ఇక వీధిలో ఎవరికి పంచదార నిండుకున్నా మా ఇంటికే రావడం మొదలైంది. సుభద్రమ్మకు భయం పట్టుకుంది. సంతలో నల్ల దిష్టితాడు కొని, పటికముక్క, గవ్వ గుచ్చి, గాలికి ఊడకుండా కాండానికి గట్టిగా ముడివేసింది. "పాత చెట్టుకీ ఏడాదేడాదీ కట్టేదాన్ని" అంది కోడలితో. నిజమే. కానీ ఆ రోజుల్లో అది నూలుతాడు. రెండు వానలకు చివికి రాలిపోయేది. ఇది నైలాను.

వానలకు పటిక కరిగింది. గవ్వ రాలింది. తాడూ ఊడిపోయిందనే అందరూ అనుకున్నారు. కాండం లావవుతూ దాన్ని బెరడులోకి మింగేసింది. పైన ఆకులు పాలిపోయాయి. బతకాలని అంటు కింద చిగుళ్ళు వేస్తే, నర్సరీ యజమాని చెప్పిన మాట తప్పకుండా సూరిబాబు గిల్లేశాడు. వేపపిండి వేశాడు, నన్ను నీడకు జరిపాడు. తల్లీ కొడుకూ పక్కపక్కన కూర్చుని ఆకులు తిప్పి చూసేవారు. అంత దగ్గరగా వాళ్ళు అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదేమో. నాకు నోరుంటే ఒక్క ముక్క చెప్పేదాన్ని. లేదు కదా.

ఎండలు ముదిరాక మొక్క పైభాగం పూర్తిగా ఎండిపోయింది. సూరిబాబు చాకుతో కోస్తుంటే బెరడు లోపల నల్లతాడు తగిలింది. మెల్లగా బయటికి లాగి చూశాడు. గుమ్మంలో నిలబడి రత్నకుమారి కూడా చూసింది.

"అత్తయ్యగారికి చెప్పండి. మీ తప్పేం లేదు కదా."

"చెట్టు పోయిన బాధొకటి చాలదేంటి ఆవిడికి? తన చేతుల్తోనే చంపుకున్నానన్న బాధ కూడానా?"

తాడు జేబులో వేసుకున్నాడు. అప్పుడే కాండం మొదట్లో కొత్త చిగురు ఒకటి కనబడింది. నా కడుపులో వేళ్ళు ఇంకా తెల్లగా, గట్టిగా ఉన్నాయి. అది అతనికీ తెలిసింది. తల్లి చూస్తే, వేళ్ళు బాగుంటే మొక్క ఎందుకు పోయిందని వెతుకుతుంది. రెండు చేతులా పట్టి మొత్తం పీకేశాడు. ఆ వేళ్ళు నన్ను ఎంత పట్టుకున్నాయో నాకు తెలుసు. గోనెసంచిలో కుక్కుతుండగా సుభద్రమ్మ బయటికి వచ్చింది.

"నీళ్ళెక్కువ పోసేశానమ్మా. వేరు కుళ్ళిపోయింది" అన్నాడు.

ఆవిడ అతని మొహంలోకి చూసి లోపలికి వెళ్ళింది. తర్వాత ఏళ్ళు గడిచినా కొడుకుతో మాట్లాడలేదు. అతను మళ్ళీ మాట కోసం ఏమీ చెయ్యలేదు. ఏం చేసినా అబద్ధం బయటపడుతుందని కాబోలు.

చివరి రోజుల్లో గాలి తగులుతుందని ఆవిడ మంచం పెరట్లో వేశారు. ఒక సాయంత్రం "సూరీ" అని పిలిచింది. అతను చేతిలో పని వదిలేసి వచ్చి కింద కూర్చున్నాడు.

"నీ చెయ్యి చెట్లకి అచ్చిరాదురా. నేను పోయాక ఈ కుండీలో ఏదీ నాటకు. పాపం, చచ్చిపోద్ది."

"అలాగేనమ్మా" అన్నాడు.

తల్లికి మాటిచ్చాడు కనుక నాలో ఇప్పటికీ ఏదీ నాటలేదు. వానలకు పిచ్చిగడ్డి మొలిస్తే, దాన్ని కూడా మెల్లగా పీకేస్తాడు.