నీలం జాకెట్టు ఎవరిది

మా హైస్కూలు మొత్తానికి ఇస్త్రీ నిక్కరు వేసుకొచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే, దాని మడత ఎంత పదునంటే, మీద నిమ్మకాయ పెడితే రెండు చెక్కలై చెరో పక్కకీ రాలిపోతుంది, అని చెబుతున్నాను నేను, ఎవరికి చెబుతున్నానో మాత్రం కంటికి సరిగ్గా ఆనడం లేదు, బడి వసారాలో బెంచీల నిండా జనం ఉన్నట్టూ ఉంది, జనం కాదు, ఆరేసిన బట్టలే వచ్చి బుద్ధిగా కూర్చున్నట్టూ ఉంది, తలల్లేని చొక్కాలు ఊఁ కొడుతున్నాయి, నిమ్మకాయ దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఒక పరికిణీ కుచ్చెళ్లన్నీ కదిలేలా నవ్వుతోంది.

"ఏ నిక్కరు? వెనకాల రెండు కిటికీలు ఉండేయి, అదేనా?"

ఆ గొంతు నాకు తెలుసు. నా ప్రతి కథకీ సరిగ్గా మంచి పట్టులో అడ్డం తగిలే గొంతు. తిరిగి చూస్తే నా భార్య నూకరత్నం, పోయిన వేసవిలో కాలం చేసిన మనిషి, వసారా స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది, తల నెరిసే ఉంది కానీ రెండు జడలు వేసి, రిబ్బన్లతో పైకి మడిచి కట్టుకుంది, ఆకుపచ్చ పరికిణీ, తెల్ల జాకెట్టు, మా బడి యూనిఫారం, భుజాన ఉన్నది పుస్తకాల సంచీ అనుకుంటే ఆస్పత్రికి పట్టుకెళ్లిన మందుల సంచీ. పోయిన మనిషి ఎదురుగా నిలబడితే కలలో ఎవరూ కంగారుపడరు, నేనూ పడడం లేదు, నా పరువు గురించే పడుతున్నాను.

"కిటికీలేంటి, అవి మాసికలు" అంటున్నాను.

"మాసికలు ఏడో తరగతిలో వేసేరు. ఆరో తరగతంతా కిటికీలే. అందుకే గదా, ఎప్పుడూ గోడని రాసుకుంటా నడిచేవోడివి. సున్నం అంతా నీ నిక్కరుకే."

పెళ్లయ్యాక నన్ను ఏనాడూ నువ్వు అనలేదు రత్నం, అంటే ఇప్పుడు మాట్లాడుతున్నది పెళ్లి కాని రత్నం అన్నమాట, ఆ రత్నం ముందు బుకాయించి లాభం లేదు, అందుకని ఒప్పేసుకుంటున్నాను: ఇస్త్రీ పెట్టె మా ఇంట్లో లేదు, మా అమ్మే ముచ్చటపడి ఇత్తడి చెంబులో నిప్పులు పోసి నిక్కరు మీద రుద్దబోయి, పక్కింటావిడ పిలిస్తే చెంబు అక్కడే ఉంచి మాటల్లో పడింది, గుర్తొచ్చి వచ్చి ఇంకో వైపు పెట్టి మళ్లీ మాటల్లో పడింది, ఆ కిటికీలు అలా వచ్చినవి, కనక ఒక రకంగా చూస్తే ఇస్త్రీ నిక్కరే.

"ఒక రకంగా" అంటుంది రత్నం. "నీ మాటలన్నీ ఒక రకమే."

చొక్కాలూ పరికిణీలూ లేచి వెళ్లిపోతున్నాయి, వసారా పొడుగు సాగిపోతూ సాగిపోతూ ఏలేరు కాలవ గట్టు అయిపోయింది, స్తంభాలున్న చోట సరుగుడు చెట్లున్నాయి, రత్నం ముందు నడుస్తోంది, వెనక నేను, మోకాళ్ల నొప్పి లేకుండా నడుస్తున్నానని గమనించి కిందికి చూసుకుంటే నిక్కరు అంచున మూడు రంగుల చారలు, ఏటేటా మడత విప్పి పొడుగు పెంచినప్పుడల్లా ఎండ తగలని గుడ్డ బయటపడి ఏర్పడిన చారలు, ఎద్దు కొమ్ము మీద వలయాలు చూసి వయసు చెప్పినట్టు మా నిక్కర్లు చూసి తరగతి చెప్పేవారు మాస్టార్లు.

"రత్నం, ఒకటి అడగాలి" అంటున్నాను. "ఆ నీలం జాకెట్టు గురించి."

నడక ఆపదు. జడలు మాత్రం ఊగడం మానేశాయి.

అడగాల్సిందేమిటో మీకు చెప్పాలి. మా పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంటికి ఏ చుట్టం వచ్చినా, కాఫీ గ్లాసు చేతికి అందేలోగా నేను చెప్పే కథ ఒకటుంది. బడిలో ప్రార్థన వేళ, ఆడపిల్లల తెల్ల జాకెట్ల వరసలో ఒకే ఒక్క నీలం జాకెట్టు, కొంగల బారులో పాలపిట్ట వాలినట్టు, అది చూసి నేను పాట మరిచి నోరు తెరిచేశాను, ఈగ ఒకటి లోపలికి వెళ్లి ఊరంతా తిరిగి చూసి బయటికొచ్చినా నేను నోరు మూయలేదు, చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని అక్కడే అనుకున్నాను, ఆ పిల్లే ఇదిగో ఈవిడ. ఇంతవరకూ వచ్చేసరికి రత్నం, "నాకు నీలం జాకెట్టే లేదండి, ఈయన చెప్పేవన్నీ ఇలాంటివే" అని లోపలికి వెళ్లిపోయేది. సిగ్గనుకున్నాను. ఆమె పెద్దకర్మ నాడు, తనతో చదువుకున్న వరహాలమ్మ వచ్చింది, నేను కళ్లు తుడుచుకుంటూ అదే కథ చెబుతున్నాను, ఆవిడ పాపం మంచి మనసుతోనే అంది, "నీలం జాకెట్టు రత్నానిది కాదు అన్నయ్యగారండి. మధ్యలో వచ్చి చేరింది, పోస్టుమాస్టరు గారమ్మాయి, ఆ పిల్లది. యూనిఫారం కుట్టించేదాకా అదే వేసుకొచ్చేది" అని.

ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు. అప్పుడు నేను ఎవర్ని చూశానన్నది కాదు నా దిగులు, కట్టుకున్నది రత్నాన్ని, కావలసినదీ రత్నమే. కానీ ఇన్నేళ్లూ, వచ్చిన ప్రతి చుట్టం ముందూ, నా భార్య ఇంకో పిల్ల కథని నేను తన కథ అంటే విని, ఊరుకుని, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయిందా, వెళ్లి అక్కడ ఏం చేసేది, ఏమనుకుంటూ పోయింది, ఇది తేలడం లేదు, తేల్చవలసిన మనిషి లేదు.

"ముందు కాలవ దాటు, గంట కొట్టేత్తారు" అంటోంది రత్నం.

వంతెన ఉండాల్సిన చోట లేదు. దాటడం ఎలా అనుకునేలోపు గాలి లేచింది, గాలితో పాటు నా చొక్కా. ఈ చొక్కా సంగతి కూడా మా ఊళ్లో ఎవరూ నమ్మరు. పెరిగే పిల్లాడు, కాస్త వదులు చూడమని మా నాన్న టైలరుకి చెబితే, ఆయన నేను మా తాతయ్య వయసుకి వచ్చేదాకా సరిపోయేలా కుట్టాడు, గాలివాన రోజున అందులోకి గాలి దూరి నన్ను కాలవ అవతల దింపిందని ఎన్నిసార్లు చెప్పినా నవ్వేవాళ్లే కానీ, ఇప్పుడు అది నిజంగానే బుడగలా ఉబ్బింది, కాళ్లు నేల వదిలేశాయి, రత్నం చొక్కా అంచు పట్టుకుంది, ఇద్దరం కాలవ మీద తేలిపోతున్నాం, కింద బాతులు మెడలెత్తి చూస్తున్నాయి.

"మీ నాన్నకి చెప్పాలి" అంటోంది రత్నం పైకి చూస్తూ, "నువ్వు చెప్పింది ఒకటి నిజమైందని."

"ఆ జాకెట్టు ఎవరిదే?"

"దిగేక చూపిత్తాను. కాళ్లు ఆడించకు."

దిగింది వాళ్ల పుట్టింటి పెరట్లో. బావి పక్కన మా అత్తగారు ఆదెమ్మ గొంతుక్కూర్చుని ఉంది, ఆవిడ పోయి చాలా కాలమైంది, మమ్మల్ని చూడడం లేదు. ఊళ్లో తెల్లబట్ట ఉతకడమంటే ఆదెమ్మగారి ఉతుకే, పెళ్లిచూపులకి వెళ్లే మగవాళ్లు పంచెలు ఆవిడకిచ్చి వెళ్లేవారని మా మామగారు చెప్పేవారు, ఆయనా నాలాంటివారే, సగం తీసేసినా గొప్పే. ఆవిడ ముందు గంగాళంలో నీళ్లు, చేతిలో నీలిమందు మూటగట్టిన గుడ్డ, ఇంకో చేతిలో రత్నం జాకెట్టు. మూటని నీళ్లలో ఒక్కసారి తిప్పి, జాకెట్టు ముంచి, పైకెత్తి, కళ్లకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూస్తుంది.

"గార పట్టినట్టే ఉంది" అనుకుంటుంది. "పచ్చదనం వదల్లేదు."

మళ్లీ ముంచుతుంది. మళ్లీ ఎత్తి చూస్తుంది. నాకు ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది, జాకెట్టు ఎప్పుడో ఆకాశం రంగు దాటిపోయింది, గంగాళం సిరాబుడ్డిలా ఉంది, ఆవిడ మాత్రం పచ్చదనం వదల్లేదంటూ మూటని పిండుతూనే ఉంది, నీలం గంగాళం అంచు దాటి పెరడంతా పాకుతోంది.

"అమ్మా జాకెట్టు నీలంగా అయిపోయిందే అన్నాను" అంటోంది రత్నం నా పక్కన, మెల్లగా. "ఆటలాడతన్నాననుకుంది. సరిగా చూడవే అని నా మొహం దగ్గర పెట్టింది. అప్పుడు చూసేను ఆవిడ కళ్లు. నల్లగుడ్డు మీద మజ్జిగ చుక్క పడ్డట్టుగా ఉంది."

"శుక్లాలా?"

"పేరు అప్పుడేం తెలుసు? తెల్లటివన్నీ ఆవిడకి పచ్చగా ఆనతన్నాయి. ఉతుకు చాల్లేదనుకుని పోసుకుంటా పోయింది. నేను ఏడిత్తే అర్థమైంది ఆవిడకి. నా చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది. మీ నాన్నకి తెలిత్తే రేపట్నుంచి పొయ్యి కాడ నువ్వే, బడి ఉండదు, ఎవరికీ చెప్పకు, నేను పోయినా చెప్పకు అంది. ఆ రోజుకి ఆ జాకెట్టే వేసుకొచ్చేను, ఇంకోటి లేదు గదా. తెల్లారి నుంచి ఆవిడ లేవకముందే నేనే ఉతికేసేదాన్ని. ఆదెమ్మగారి ఉతుకు, ఆదెమ్మగారి ఉతుకు అని ఊరంతా అన్నారు, అదంతా నా రెక్కలే."

పెళ్లినాడు అత్తగారు నా పంచె అంచు వేళ్లతో తడిమి తడిమి మంచి నేత బాబూ అంటే, ఎంత మురిపెమో అనుకున్నాను.

"మరి పోస్టుమాస్టరు గారమ్మాయి?"

"ఆ పిల్లదీ నీలమే, పట్టుది. దీపావళి దాటేక వచ్చి చేరింది. వరహాలికి పట్టు గుర్తుంటాది గానీ నా గుడ్డ జాకెట్టు ఎందుకు గుర్తుంటాది? నువ్వు నోరు తెరిచింది వానల్లో. మైదానం బురదగా ఉందని ప్రార్థన వసారాలో పెట్టేరు. నీ నోట్లోకి ఈగా దోమా ఏం పోలేదు, చూరు నీళ్లు పడ్డాయి. కారి చొక్కా అంతా తడిసింది. అయినా మూయలేదు."

"నీకెలా తెలుసు?"

"చూత్తన్నాను గదా" అంటుంది రత్నం.

ఎప్పుడూ ఇంతే, నా కథలో ఒక తప్పు దిద్దితే ఆ దిద్దుబాటు నా కథ కన్నా బాగుంటుంది. "ఇన్నేళ్లూ చెప్పలేదేం?" అంటున్నాను.

"నీకు చెప్తే ఇంకేమన్నా ఉందా? సాయంత్రానికల్లా రేవులో చెప్పేసేవోడివి. మా అత్తగారు నీలిమందు పోత్తే ఏలేరు కాలవ నీలంగా పారిందని, బాతులు నీలం గుడ్లు పెట్టేయని."

నిజమే. గుడ్ల సంగతి అయితే నాకు తట్టి ఉండేది కాదు, చాలా బాగుంది.

"నువ్వు లోపలికి వెళ్లిపోయేదానివి గదా," అంటున్నాను, దీనికోసమే కదా ఇంతదూరం వచ్చాను, "ఆ కథ చెప్పినప్పుడల్లా. వెళ్లి ఏం చేసేదానివి?"

రత్నం మందుల సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటుంది. "తలుపు చాటున నిలబడి మిగతాది వినేదాన్నండి. ప్రతిసారీ కాస్త పెంచేవారు గదా. ఈసారి ఎంత పెంచుతారా అని."

అండి అంది. పెంచేవారు అంది. పెళ్లయిన రత్నమే చెబుతోంది. పెద్దకర్మ నాటి నుంచి కడుపు చుట్టూ ఎవరో బిగదీసి కట్టిన నిక్కరు బొందుని, మొండి ముడి పడిపోయి ఇక తెంపాల్సిందే అనుకున్నదాన్ని, చిటికెలో విప్పేసినట్టుంది, ఊపిరి అడుగుదాకా వెళ్లి వస్తోంది, నవ్వు వస్తోంది, ఆకలి కూడా వేస్తోంది.

ఎక్కడో బడి గంట మోగుతోంది. రత్నం పరికిణీ కాస్త ఎత్తిపట్టుకుని, నీలం మడుగుల మీంచి దాటుకుంటూ పెరటి తలుపు దాకా వెళ్లి, ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసి, వెళ్లిపోతోంది.

"నాన్నా, లే. చుక్కల మందు వేళయింది."

మా అమ్మాయి భాగ్యం. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. నా బుగ్గ కింద దిండు నీలంగా ఉంది.

"ఈ గలీబు ఏ రంగే?"

"తెల్లదే నాన్నా. నిన్న ఆపరేషను కట్టు విప్పినప్పుడు డాక్టరు గారు చెప్పేరు గదా, కొత్త కంటికి కొన్నాళ్లు తెలుపు నీలంగా ఉంటాదని. రెండో కంటికి ఇంకా పొర ఉంది, దాంతో చూత్తే పచ్చగానే ఉంటాది."

ఒక కన్ను మూసి చూశాను. రెండోది మూసి చూశాను. ఒక కంటికి మా అత్తగారు చూసిన జాకెట్టు, ఒక కంటికి నేను చూసిన జాకెట్టు. "ఏంటా ఆటలు" అని భాగ్యం కసురుతున్నా చాలాసేపు మార్చి మార్చి చూశాను. తరవాత అన్నం పెట్టమన్నాను, గిన్నెలో ఉన్నదంతా తిన్నాను.

ఇందులో నేను కలిపింది ఒక్కటే. రత్నం పెరటి తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసిందని చెప్పాను, అది అబద్ధం. తిరిగి చూడలేదు. గంట విన్న ఆడపిల్ల ఎలా వెళుతుందో అలా, జడలు ఎగురుతుంటే, గబగబా వెళ్లిపోయింది.