మేస్త్రీ చేయి తగలని రాయి

"జపాను పోవాలంటే మూడుండాల కృష్ణప్పా! పాసుపోర్టు, కోటు, నోరు మూసుకోని కూర్చునే బుద్ధి" అన్నాడు గోపాలస్వామి.

పాసుపోర్టు పోస్టులో వచ్చింది. కోటు మదనపల్లె బస్టాండు వెనక ఒక టైలరు కుట్టిచ్చాడు, చంకల్లో బిగుతుగా. మూడోది కృష్ణప్పకు పుట్టుకతోనే ఉంది, దానికోసం ఎవరి దగ్గరికీ పోవలసిన పని లేకపోయింది.

అది ఎనభై రెండో సంవత్సరం. రాయి ఎగుమతి కోసం పద్నాలుగు మంది ఒక బృందంగా జపానుకు బయలుదేరుతున్నారు. మన రాయి వాళ్లకు చూపించాలి, వాళ్ల వ్యాపారులతో పరిచయాలు కలుపుకోవాలి. అందులో పన్నెండు మంది మద్రాసు, బెంగళూరు పెద్దమనుషులు. మిగిలిన ఇద్దరిలో ఒకడు పుంగనూరులో చింతపండు వ్యాపారం చేసే గోపాలస్వామి. ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు, ఎక్కడ ఏ తలుపు తట్టాలో తెలిసినవాడు. రెండోవాడు కృష్ణప్ప. శాంతిపురం దగ్గర పదకొండెకరాల మెట్ట చేను ఆయనది. మూడేండ్లుగా వేరుశనగ విత్తనం కూడా తిరిగి రాలేదు. చేను చివర గుట్ట ఒకటి ఉంది. మేకలు కూడా ఎక్కని ఆ గుట్టను తాతల కాలం నుంచి తిట్టుకుంటూ వచ్చారు. ఇప్పుడు చూస్తే దాని లోపల పచ్చదనం కలిసిన నల్లరాయి ఉందట, పాలిష్ పడితే అద్దంలా ఉంటుందట.

ఆ మాట చెప్పినవాడు చిన్నప్ప మేస్త్రీ. గుట్ట మీద ఒక్కో బండనూ సమ్మెటతో తట్టి, చెవి పెట్టి విని, "ఇది పాడుతాందప్పా, పగులు లేదు" అన్నాడు. జపాను నుంచి ఆర్డరు వస్తే గుట్ట మీద క్వారీ పడుతుంది. చిన్నప్ప దానికి మేస్త్రీ అవుతాడు. బెంగళూరులో ఇసుక మోయడానికి పోయిన ఊరివాళ్లు ఇరవై ఇండ్లవాళ్లు వెనక్కి వస్తారు. కృష్ణప్ప ఆశ అంతా దాని మీదే ఉంది. అంత ఆశను మనిషి ఒక రాయి మీద పెట్టకూడదు గానీ, వాన రాని ఊళ్లో ఇంకెక్కడ పెట్టాలి?

నమూనా కోసం చిన్నప్ప జానెడు పలక ఒకటి కోసి, పన్నెండు రోజులు కూర్చుని సానబట్టాడు. బయలుదేరే ముందు రోజు సాయంత్రం కృష్ణప్ప భార్య మునిలక్ష్మమ్మ దాన్ని పీట మీద పెట్టి ఆముదం గిన్నె తెచ్చింది. ఆ పక్కల కొత్త రోలు దించినా, సన్నికల్లు కొన్నా, నాగప్రతిమ నిలిపినా, నూనె పూయకుండా పొడిరాయిని పనిలోకి దించరు. పొడిరాయి ఇంట్లోంచి పోతే మంచిది కాదని ఆమె నమ్మకం. కృష్ణప్ప పలకను పట్టుకుంటే, ఆమె అరచేత్తో నాలుగు పక్కలా ఆముదం పట్టించింది. రాయి నిగనిగలాడిపోయింది. లోపలి పచ్చదనం అంతా పైకి వచ్చినట్టయింది. మొగుడూ పెళ్లామూ దాన్ని చూసి చంటిబిడ్డను చూసినట్టు మురిసిపోయారు.

తెల్లారి చిన్నప్ప వచ్చి చూసి నెత్తిన చేయి పెట్టుకున్నాడు.

"ఏందమ్మా, నూనె పూసినారే! రాయి తాగేస్తాది."

"తాగనీలే చిన్నప్పా. పొడిరాయిని సాగనంపుతారా ఎవురైనా?"

కుప్పంలో రైలుకు టైమయింది. ఇంకో పలక కోసే వ్యవధి లేదు. చిన్నప్ప పలకను గుడ్డతో రుద్ది రుద్ది, గోనెపట్టలో చుట్టి కృష్ణప్ప చేతికిచ్చాడు. "ఆడ అడిగితే దాయొద్దప్పా. మావోళ్ల ఆచారం, ఇంట్లో ఆడోళ్లు పూసినారు అని సెప్పు. రాయి తెలిసినోడు అర్థం చేసుకుంటాడు."

ఇంతకంటే మంచి సలహా పద్నాలుగు మందిలో ఎవరి దగ్గరా లేదు. ఇచ్చినవాడు మాత్రం రైల్వే గేటు దాకే వచ్చాడు.

ఒసాకాలో చలి ఎముకల్లోకి దిగింది. మూడు రోజులు విందులు, దండలు, ఉపన్యాసాలు. రెండు దేశాల స్నేహం గురించి ఒక్కొక్కరు అరగంట మాట్లాడారు. కృష్ణప్ప చప్పట్లు కొట్టే చోట చప్పట్లు కొట్టాడు. నాలుగో రోజు ఇషిదా అనే ముసలి వ్యాపారి తన ఆఫీసుకు వీళ్లిద్దరినీ పిలిపించాడు. ముందుగా ఊరి చివర ఒక శ్మశానానికి తీసుకుపోయాడు. ఎక్కడ చూసినా వరసలు వరసలుగా నున్నటి రాళ్లే. ఒక ఆడమనిషి చిన్న గరిటెతో ఒక రాతి మీద మెల్లగా నీళ్లు పోస్తూ ఉంది. ఆ రాయి కింద వాళ్ల పెద్దలు ఉన్నారట.

"మన రాయి దీనికా సామీ?" అన్నాడు కృష్ణప్ప.

"దీనికే. నోరు మూసుకో."

కృష్ణప్పకు వెనక్కి పోవాలనిపించలేదు, చిత్రంగా మనసు నెమ్మదించింది. నూరేండ్లు ఎవరో ఒకరు వచ్చి తన గుట్ట మీద నీళ్లు పోస్తారు. తాను పోయాక తనకు అంత జరుగుతుందన్న నమ్మకం లేదు.

ఆఫీసులో ముసలాయన పలకను రెండు చేతులతో అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. దుబాసీ అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది, గోపాలస్వామి తెలుగులో చెప్పాడు: "ఇది రాయి సొంత రంగేనా అంటాండాడు."

"సొంత రంగే" అన్నాడు కృష్ణప్ప. ముక్కాలు నిజమే కదా.

ముసలాయన తలవంచి, పలకను బల్ల మీద తెల్లకాగితం పైన పెట్టి టీ తెప్పించాడు. గదిలో హీటరు వెచ్చగా మండుతోంది. టీ తాగడం అయింది. పలక ఎత్తాడు. కాగితం మీద నలుచదరంగా నూనె మరక, దాని చుట్టూ పసుపుపచ్చగా పాకిన అంచు. ఆముదం వాసన కృష్ణప్పకు తన ఇంట్లో కూర్చున్నట్టే తగిలింది.

ముసలాయన అరవలేదు. అరిచినా బాగుండేది. కాగితాన్ని వీళ్ల వైపు తిప్పి, నింపాదిగా ఏదో అడిగాడు. చెప్పవలసిన మాట కృష్ణప్ప నాలుక మీదికి వచ్చింది. మా ఆచారం, ఇంట్లో ఆడోళ్లు పూసినారు. ఇందాక సొంత రంగే అన్న నోటితో ఇప్పుడు ఆ మాట ఎలా అనాలి? ఆ సందులో గోపాలస్వామి ఇంగ్లీషు అందుకున్నాడు. మధ్యలో 'మేస్త్రీ' అన్న మాట ఒకటి కృష్ణప్పకు వినిపించింది.

"మా మేస్త్రీ మాకు తెలీకుండా పూసినాడు, రాయిని బాగా చూపించాలని మోసం చేసినాడు అని చెప్పినా. తల ఊపు" అన్నాడు తెలుగులో, నవ్వు మొహంతోనే.

ముసలాయన కృష్ణప్ప కళ్లలోకి చూశాడు. కృష్ణప్ప తల ఊపాడు.

ఆర్డరు రాలేదు. ముసలాయన పలకను ఉంచుకుని, వాకిలి దాకా వచ్చి నడుం వంచి సాగనంపాడు. అందుకు మించి ఏమీ జరగలేదు. పెద్ద తప్పులు జరిగేటప్పుడు చప్పుడు ఉండదు కాబోలు.

తిరుగు ప్రయాణంలో పన్నెండు మంది పెద్దమనుషులకూ కథ తెలిసింది. మద్రాసు నుంచి బెంగళూరు, బెంగళూరు నుంచి కుప్పం. నెల తిరక్కుండా ఆ చుట్టుపక్కల క్వారీలన్నింటికీ తెలిసిపోయింది, చిన్నప్ప అనే మేస్త్రీ రాయికి నూనె పూసి దేశం పరువు తీశాడని. పిలిచే చోట పిలవడం మానేశారు. చిన్నప్ప కృష్ణప్ప దగ్గరికి వచ్చాడు.

"నేను నూనె పూసినానంటాండారప్పా. యాల అట్లంటాండారో అర్థం కాలా."

"జనాలకేం పని చిన్నప్పా. నాలుగు దినాలు పోతే వాళ్లే మర్సిపోతారు."

చిన్నప్ప నమ్మాడు. నమ్మి, సదుం పక్క రోడ్డు పనిలో కంకర కొట్టడానికి పోయాడు. రాయి పాడుతోందా లేదా అని చెవి పెట్టి వినే మనిషి, ఎండలో తాటాకు తడిక కింద కూర్చుని కుప్పలు కుప్పలుగా కంకర కొట్టాడు. ఒకసారి బస్సులోంచి కృష్ణప్ప అతన్ని చూశాడు. చూసి, అటు పక్క కిటికీ వైపు జరిగి కూర్చున్నాడు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. మునిలక్ష్మమ్మ కడుపు నొప్పేమోనని వాము నీళ్లు కాచి ఇచ్చింది.

ఏడాది తరువాత జపాను నుంచి ఉత్తరం వచ్చింది. పలకను కడిగి, ఆరబెట్టి, అన్ని పరీక్షలూ చేశారట. రాయిలో లోపం లేదట, లోపం మనిషిలో ఉందట. ఆ మేస్త్రీ చేయి తగలకుండా ఉంటే తన కొడుకును పంపుతానని, గుట్ట చూసి క్వారీ మొదలుపెట్టవచ్చునని ఇషిదా రాయించాడు.

"వాణ్ణి ఎప్పుడో తీసేసినామని రాసేస్తా" అన్నాడు గోపాలస్వామి.

నిజం రాయమని చెప్పడానికి కృష్ణప్పకు అదే సమయం. ఆయన ఆ ఉత్తరం వైపు చూశాడు, గుట్ట వైపు చూశాడు. "నీ ఇష్టం సామీ" అన్నాడు. ఈ షరతు సంగతి భార్యకు చెప్పలేదు.

క్వారీ పూజ నాడు ఊరంతా గుట్ట మీదే ఉంది. బెంగళూరు నుంచి పదిమంది అప్పుడే మూటలతో వచ్చేశారు. ఇషిదా కొడుకు తెల్ల చొక్కా వేసుకుని, మెడలో బంతిపూల దండతో, అందరికీ వంగి వంగి నమస్కారాలు పెడుతున్నాడు. మొదటి దెబ్బ వేయడానికి గోపాలస్వామి హొసూరు నుంచి ఇంకో మేస్త్రీని పిలిపించాడు. అంతలో పూజ కోసం కొత్తగా వేసిన మెట్ల బాటన చిన్నప్ప వచ్చాడు. తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టి, సమ్మెట భుజాన పెట్టుకుని ఉన్నాడు. మునిలక్ష్మమ్మ తానే కబురు పంపింది. ఆ గుట్ట మీద మొదటి దెబ్బ ఇంకెవరు వేస్తారని ఆమె లెక్క.

గోపాలస్వామి గబగబా వచ్చాడు. ఆమెను పక్కకు పిలిచాడు. "వాణ్ణి పంపించెయ్ తల్లీ. పలకకు నూనె పూసిన మేస్త్రీ ఉంటే ఈ పని జరగదని వాళ్లు రాసినారు."

"పూసింది నేను గదా సామీ!" అంది ఆమె. "మా ఇంటాయనే పట్టుకోనుండె. పాపం ఆ మనిషిని యాల అంటాండారు?"

కృష్ణప్ప వైపు చూసింది. ఆయన దండలు సరిచేస్తున్నట్టు వంగాడు. ఆమె ఇక ఎవరినీ అడగలేదు. కొంగు నడుముకు దోపుకుని తిన్నగా ఆ జపాను ఆయన ముందుకు పోయి చేతులు జోడించింది.

"నాయనా, నూనె పూసింది నేను. ఈ చేత్తోనే పూసినా. మంచి జరగాలని పూసినా గానీ మోసానికి కాదు. చిన్నప్పకు ఏ పాపమూ తెలీదు. ఆ యప్ప వద్దనే అన్యాడు."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను ఏమీ అర్థంకాక గోపాలస్వామి వైపు చూశాడు. గోపాలస్వామి చిరునవ్వు నవ్వి ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పాడు. ఏడాదిన్నరగా ఆయన వెంట తిరిగి కృష్ణప్ప ఆ మాత్రం నేర్చుకున్నాడు. ఈమె ఇంటి యజమానురాలు, మీరు టిఫిను తినకుండా పోకూడదని బతిమాలుతోంది. అదీ గోపాలస్వామి చెప్పింది.

అతని మొహం వికసించింది. ఆమెకు నడుం దాకా వంగి నమస్కారం పెట్టాడు.

"ఒప్పుకున్యాడు! సెప్పేసినా చిన్నప్పా, ఒప్పుకున్యాడు!" అని మునిలక్ష్మమ్మ కేక పెట్టింది. "రా, దెబ్బెయ్యి!"

చిన్నప్ప మొహంలో ఏడాదిన్నర దుమ్ము ఒక్కసారిగా రాలిపోయింది. సమ్మెట దించి బండ వైపు నడిచాడు. ఇషిదా కొడుకు అతన్ని చూసి, ఎవరని గోపాలస్వామిని అడిగాడు. గోపాలస్వామి జవాబు చెప్పకుండా కృష్ణప్ప వైపు చూశాడు. నీ గుట్ట, నీ ఇష్టం అన్నట్టు.

కృష్ణప్ప పోయి చిన్నప్ప చేయి పట్టుకున్నాడు. ఆ చేయి కంకర దెబ్బలకు కాయలు కాసి గరుకుగా ఉంది.

"వద్దు చిన్నప్పా. ఆయన ఒప్పుకోలా."

"అమ్మ సెప్పింది గదప్పా."

"సెప్పింది. సామి ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో సెప్పినాడు. ఆయన వద్దంటాండాడు."

చిన్నప్ప సమ్మెటను బండకు ఆనించాడు. "నువ్వు కూడా సెప్పినావా అప్పా, నా తరపున? జపానులో?" అని అడిగాడు.

"సెప్పినా."

"అయితే సాలప్పా" అన్నాడు చిన్నప్ప. "నువ్వు నా పక్కనుండావని తెలిస్తే సాలు. ఊరోళ్ల మాట కంటే నాకు అదే దిగులుగా ఉండె." కృష్ణప్ప చేతిని రెండు చేతులతో కళ్లకద్దుకుని, సమ్మెట భుజానికెత్తుకుని మెట్ల బాటన దిగిపోయాడు. కృష్ణప్పకు ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కింద చింతచెట్ల మలుపులో అతను కనబడకుండా పోయేదాకా అలాగే నిలబడ్డాడు. పిలిస్తే వినపడే దూరంలోనే చాలాసేపు ఉన్నాడు చిన్నప్ప. కృష్ణప్ప పిలవలేదు.

హొసూరు మేస్త్రీ మొదటి దెబ్బ వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జపాను ఆయన వద్దన్నాడని విన్న మునిలక్ష్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మొగుడి పక్కకు వచ్చి నిలబడింది.

"ఏం మనిషప్పా వాడు! చేతులెత్తి మొక్కి సెప్పినా గుండె కరగలేదే."

అవతల నుంచి ఇషిదా కొడుకు ఆమెను చూసి, నవ్వుతూ మళ్లీ వంగి నమస్కారం పెట్టాడు. ఆమె మొహం తిప్పుకుంది.