తిరిగే గాదె

ఐనార్ ట్వీటెన్ లిఫ్టు పెట్టెలోంచి మరో ఇనుప దిమ్మ తీసి గోడవారన పెట్టాడు. రైలు పట్టాల పక్కనున్న ఆ ఎత్తయిన చెక్క గాదె పైకొనకు చేరాలంటే అదొక్కటే దారి: మనిషి నిలబడేంత పలక, చేత్తో లాగే తాడు, తాడు అవతలి కొసన ఈ దిమ్మల పెట్టె. దిమ్మలు ఎక్కే మనిషికి సరితూగాలి. ఎక్కువైతే మనిషి బాణంలా పైకి పోతాడు.

రైతుల గోధుమలు ఇప్పుడు ఊరిబయటి కాంక్రీటు గాదెలకు పోతున్నాయి. ఇది ఇప్పుడు టికెట్టు కొని చూసిపోయేవాళ్ళ కోసమే. వేసవి ఆదివారాల్లో ఐనార్ నాలుగు బస్తాల గోధుమను బెల్టు మీద కొనదాకా ఎక్కించి, గొట్టంలోంచి కిందికి వదులుతాడు. దానికి ముందు పైచక్రానికి గ్రీజు పెట్టాలి.

టికెట్లమ్మే కూతురు కారిన్ లోపలికి వచ్చి, గోడవారన దిమ్మల వరసను చూసి ఆగిపోయింది. పోయిన వేసవిలో అక్కడ ఒక్కటీ లేదు.

"ఇన్ని తీశావేంటి నాన్నా?"

"తూకం తప్పకూడదు కదా."

"డాక్టరు ఏమన్నాడని అడిగితే బాగానే ఉందన్నావు."

"చెప్తే ఎక్కనివ్వవుగా."

చొక్కా కాలరులో అతని మెడ వదులుగా కదులుతోంది. మణికట్లు మాత్రం ఇంకా లావే. ఊరి పంటంతా ఆ చేతులే తూచాయి. సొంత బావమరిది వైపైనా అతను మొగ్గు చూపాడని ఎవరూ అనలేదు.

"ఇవాళ బెల్టు తిప్పొద్దు. ఊరికే చూసిపోతారు."

"తిరగని గాదెకు టికెట్టెందుకమ్మా?"

గుమ్మంలో హార్లెన్ నుంచి వచ్చిన బస్సు జనం మూగారు. ముందున్న బట్టతలాయన నవ్వాడు.

"పనిచెయ్యదా ఇది? అయితే మా ఊరి సిమెంటు ఉడుత బొమ్మే నయం. మూడంతస్తులు, నెత్తిన టోపీ కూడానూ."

కారిన్ గిరుక్కున తిరిగింది. "మీ ఉడుత ఎంత గోధుమ మోసింది?"

"మోయడమెందుకు, ఫొటోలు దిగుతుంది."

"కాసేపాగండి. మాది ఇంకా మోస్తుంది."

అని తండ్రి వైపు చూసింది. తాడు తనే పట్టుకుంది. "మెల్లిగా పో నాన్నా. కింద నేనున్నా."

పలక మీద అతను పైచీకట్లోకి సాగిపోయాడు. చాలాసేపటికి దిగివచ్చి మీట నొక్కాడు. గోడల చెక్కలన్నీ వణికాయి. గాదె గొంతు సవరించుకున్నట్టు గురగురలాడింది. గొట్టంలోంచి గోధుమ దూకింది. బట్టతలాయన దోసిలి పట్టాడు.

"మా తాత గోధుమ ఇక్కడికే తోలేవాడు. మేం హోగన్లం," అన్నాడు మెల్లిగా.

"తెలుసు. తడి గోధుమ తెచ్చి నాతో పోట్లాడేవాడు," అన్నాడు ఐనార్. అందరికంటే గట్టిగా కారిన్ నవ్వింది.

ఆగస్టులో, కోతలు మొదలవకముందే, ఒక మధ్యాహ్నం ఆసుపత్రిలో నిద్రలోనే అతను పోయాడు. ఆ పై ఆదివారం కూడా బస్సు వచ్చింది. కారిన్ దిమ్మలు తన బరువుకు సరిచూసుకుని, మొదటిసారి కొనదాకా వెళ్ళింది. కిటికీలోంచి ఊరూ, ఊరి చుట్టూ పండిన చేలూ కనిపించాయి. కిటికీ చెక్క మీద మూత తీసిన గ్రీజు డబ్బా ఉంది. లోపల గ్రీజులో రెండు వేళ్ళు తోడుకున్న గాడి. దాని మీద పలచగా గోధుమ దుమ్ము.