ఎర్రదారం కట్టిన కడ్డీ

చౌడప్ప తుపాకి నోట్లో నల్లమందు పోసి, పైన కొబ్బరిపీచు కుక్కి, వెదురుపుల్లతో దట్టించాడు. పుల్లతో చెయ్యి కుదరక ఒళ్లంతా చికాకుగా ఉంది. తండ్రి నాటి ఆ తుపాకికి ఇనపకడ్డీ ఉంది. గొట్టం ఖాళీగా ఉంటే కడ్డీ ఎంతవరకు దిగుతుందో అక్కడ తండ్రి ఎర్రదారం కట్టాడు. దారం పైనే నిలిచిందా, లోపల ఏదో ఉన్నట్టే. కడ్డీ దించి చూడకుండా చౌడప్ప ఏనాడూ మందు పోయలేదు.

ఆ కడ్డీ ఇవాళ తమ్ముడు గోవిందప్ప ఇంట్లో ఉంది. ఆయుధపూజకని నిన్న రెంటినీ పట్టుకుపోయాడు. మధ్యాహ్నం తుపాకి మాత్రం తెచ్చిచ్చాడు, బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి.

"కడ్డీ యాడప్పా?"

"ఇంగా పూజలోనే ఉండాదన్నా. రేపు పొద్దున ఎత్తాలంట. తుపాకి ఖాళీగా ఉండాది, నాది పూచీ."

తుపాకిని ఎత్తగా లేనిది కడ్డీని ఎత్తితే ఏం? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మవారి పేరు చెప్పాక ఎదురడిగే మనిషా చౌడప్ప! పైగా చంకనెత్తుకుని పెంచిన తమ్ముడాయె.

చెప్పుకోదగ్గ బతుకేం కాదు అతనిది. కోరమండల్ బంగారు గని సర్కారు చేతికొచ్చాక అందులో చేరి, నడుము వంగేదాకా రాళ్లతొట్లు తోశాడు. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరాక ఊరికొచ్చి శనక్కాయ చేలకు కాపలా ఉంటున్నాడు. గుండు వేయడు, ఒట్టి చప్పుడే. పందులైనా పిల్లల తల్లులే గదా అంటాడు. ఊరు నవ్వుతుంది. నవ్వనీ! గనిలో సాటివాళ్లు సారాయి తాగి పడుంటే వాళ్ల చొక్కాలకు కాపలా కాసిన మనిషి. తాను చుక్క ముట్టలేదు.

పొద్దు వాలింది. చేను అంచున పందులు కదిలాయి. మందును అంటించే చిన్న రాగిటోపీ తగిలించి, ఆకాశంకేసి మీట నొక్కాడు.

గొట్టం చీలిపోయింది.

జనం పరుగెత్తుకొచ్చారు, అందరికంటే ముందు గోవిందప్ప. చీలిన ఇనుములో సీసపు గుండు ఇరుక్కుని ఉంది. అది చూశాక చౌడప్పకు అంతా అర్థమైంది. పూజ పేరు చెప్పి వేటకు పోయాడు. ఏదీ దొరక్క, గుండు కూరిన తుపాకినే తెచ్చిచ్చాడు. అన్న తిడతాడని కడ్డీ దాచేశాడు.

ఓరి పాపిష్టోడా! ఒక్క మాట చెప్పుంటే నీ సొమ్మేం పోయేది?

బండిలో పడుకోబెట్టారు. భార్య మారమ్మ అతని తల ఒళ్లో పెట్టుకుంది. బండి పక్కనే నడుస్తూ గోవిందప్ప ఎవరికో చెబుతున్నాడు.

"పండగ గదప్పా, బాగా తాగినాడు. తాగి రెండుసార్లు కూరేసినాడు."

గాయం కంటే ఆ మాట ఎక్కువ నొప్పెట్టింది.

"మారీ... నేను..."

"నాకు తెల్దా? నువ్వు ముట్టలేదు" అంది మారమ్మ.

బండి తమక ఊళ్లోని ఆసుపత్రి చేరేలోగా ఒళ్లో తల బరువెక్కింది.

తెల్లారి మారమ్మ ఎవరికీ చెప్పకుండా మరిది ఇంటికి పోయింది. పూజలో పెట్టిన కొడవలికి, పారకు, గడ్డపలుగుకు బొట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. తలుపు వెనక మూలన, గోనెసంచి కింద కడ్డీ దొరికింది. దానికి ఎర్రదారం ఒక్కటే ఉంది, బొట్టు లేదు.