గొంతు కింద కామా

దంతాల ల్యాబులో కట్టుడు పళ్లు తయారుచేసే ఆ కోడలికి కప్పలంటే భయం లేదు, ఒళ్లు జలదరింపు మాత్రం ఉంది. స్నానాల గదిలో, బట్టలుతికే మిషను వెనక, గుప్పెడంత కప్ప ఒకటి కూర్చుని తన వంకే చూస్తుంటే కేకలు పెట్టలేదు. పచ్చళ్ల గాజుసీసా బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, ఫోటో తీసి, వీధి చివర కాలువ గట్టున వదిలేసి వచ్చింది.

ఆ ఫోటో మరిదికి పంపింది. అతను కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. "విషం గిషం ఏమైనా ఉంటుందా?" అని అడిగింది.

"పట్టుకున్నాక చేతులు కడుక్కో, చాలు. ఏ రకమో ఖాయంగా చెప్పాలంటే పొట్టవైపు కూడా చూడాలి వదినా. మళ్లీ కనబడితే తీసి పెట్టు."

మళ్లీ కనబడింది. ఐదో రోజున, అదే మూల. ఈసారి సీసా పైకెత్తి కిందనుంచి ఫోటో తీసి, పెద్దరోడ్డు దాటి పార్కులో వదిలింది. వారం తిరక్కుండా ఇంకొకటి. దాన్నీ కిందనుంచి ఫోటో తీసి పార్కు అవతలి కొసకు మోసింది, రెండు ఫోటోలూ మరిదికి పంపింది. "ఇది ఇల్లా, కప్పల సత్రమా?" అని విసుక్కుంటే అత్తగారు నవ్వింది.

ఆ సాయంత్రం మరిది ఫోన్ చేశాడు. "వదినా, ఇది మామూలు తోటకప్పే. కానీ ఆ రెండు పొట్ట ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూడు."

చూసింది. పంటికీ పంటికీ మధ్య వెంట్రుకవాసి తేడా పట్టుకోవడం ఆమెకు అన్నం పెట్టే పని. గొంతు కింద తోక ఉన్నట్టుండే అదే నల్లమచ్చ, ఎడమ చంక దగ్గర అవే మూడు చుక్కలు. రెండు కప్పలు కావు. ఒకటే.

ఫోను పెట్టేసి సరాసరి అత్తగారి దగ్గరికి వెళ్లింది. "అత్తయ్యా, నిజం చెప్పండి. మీరేగా దాన్ని వెనక్కి తెస్తున్నది?"

"గుమ్మం దిగాలంటేనే మోకాళ్లు మొరాయిస్తాయి నాకు. రోడ్డు దాటి కప్పను మోసుకొస్తానా?"

భర్త పనిమీద వేరే ఊళ్లో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది ఇద్దరే. నాలుగోసారి కనబడినప్పుడు అత్తగారితో మాట మాత్రమైనా అనకుండా, సీసాను చేతిసంచిలో పెట్టుకుని బస్సెక్కింది. రెండు స్టాపుల అవతల దిగి, రైలు పట్టాలు దాటి, తుప్పల్లో వదిలింది. ఇక పీడ వదిలిందనుకుంది.

అలా వదిలొచ్చిన పంతొమ్మిదో రోజు, ఆదివారం పొద్దున, మాసిన బట్టలు చంకన పెట్టుకుని గదిలోకి వెళ్లింది. అదే మూలలో కూర్చుని ఉంది. సగానికి సగం చిక్కిపోయింది. వెనక కాలి వేలొకటి తెగి ఉంది. సీసాలోకి తీసుకుని పైకెత్తి చూసింది. బట్టలు ఎప్పుడు జారిపడ్డాయో తెలియలేదు. అదే మచ్చ. గడప మీద కూర్చుని అత్తగారిని కేకేసింది.

"ఏమైందే?" అంటూ అత్తగారు గోడ పట్టుకుని వచ్చింది.

"అదే వచ్చిందత్తయ్యా. పట్టాల అవతల వదిలాను. అదే. గొంతు కింద కామా పెట్టినట్టు మచ్చ ఉంటుంది చూడండి."

అత్తగారు గుమ్మం దగ్గరే ఆగింది. "ఏమన్నావు?"

"కామా లాంటి మచ్చ అన్నాను."

"మీ మావయ్య ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారని తెలుసుగా నీకు. ఇక్కడొక కప్ప ఉండేది. స్నానానికి వెళ్తూ దాన్ని పలకరించేవారు. ఒకరోజు అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి నాకు చూపించారు. 'దీనికి దేవుడు కామా పెట్టాడోయ్, ఫుల్‌స్టాప్ పెట్టడం మర్చిపోయాడు' అన్నారు. కామా అనే పిలిచేవారు. ఆయన పోయి ఏడేళ్లు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"కప్పలన్నీ ఒకేలా ఉంటాయనుకున్నాను. అది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుందనుకున్నాను."

కోడలు మరిదికి ఫోన్ చేసి, కప్ప అన్నేళ్లు బతుకుతుందా అని అడిగింది. "కొన్ని పదేళ్లు దాటి బతుకుతాయి వదినా. తమ చోటు వెతుక్కుంటూ తిరిగొస్తాయని కూడా చదివాను. మన ఇంట్లో ఇలా... నాన్న ఉన్నప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. నాకీ సంగతే తెలీదు." అంటూ ఫోను పెట్టేశాడు.

అత్తగారు సీసా అందుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మోకాళ్ల నొప్పి సంగతే మరిచి వంగి, మిషను వెనక సీసా ఒరిగించింది. కప్ప నిదానంగా దిగి, గొట్టం పక్కన తడిలో సర్దుకుంది.

"నేను దాన్ని నాలుగుసార్లు గెంటేశాను" అంది కోడలు. అత్తగారు ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

మధ్యాహ్నం ఊళ్లో లేని కొడుకు ఫోన్ చేస్తే ఆవిడ చెప్పబోయింది. "ఒరేయ్, మీ నాన్న..." అని ఆగిపోయి, ఫోను కోడలి చేతికిచ్చింది. "ఏమైంది? అమ్మ బాగానే ఉందా?" అని అవతల కంగారు. బాగానే ఉన్నారని చెప్పి, "మావయ్యగారు కామా అని పిలిచిన కప్ప గుర్తుందా మీకు?" అని అడిగింది కోడలు.