ఆరో నోరు

అతను గోళ్ళ సందుల్లోని గ్రీజును అగ్గిపుల్లతో తీస్తున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నే ఇదే పని. ఎంత గీకినా చూపుడువేలి గోటి కింద ఒక నల్లగీత మిగిలిపోతుంది. ఫ్యాక్టరీలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ‘గ్రీజూ’ అంటే పలుకుతాడు.

పెద్ద యంత్రానికి ఎనిమిది బేరింగులు. వాటికి గ్రీజు పంచేది అరచేతంత ఉక్కు వాల్వు. దానికి ఎనిమిది నోళ్ళు. లోపలి పిస్టన్లు వరసగా కదులుతూ ఒక్కో నోటికీ కొలిచినట్టు పోస్తాయి. ఒకరి వంతు అయితేనే ఇంకొకరి వంతు. ఎనిమిదింటికీ అందాక పక్కనున్న సూచిక పుల్ల ఒకసారి బయటికొచ్చి లోపలికి పోతుంది. అది కదిలాకే అతను టీ తాగుతాడు.

ఆ రోజు ఆరో నోటి దగ్గర గొట్టం కారుతోంది.

“గంటసేపు ఆపితే గొట్టం మార్చేస్తాను సార్” అన్నాడు సూపర్‌వైజరుతో. సూపర్‌వైజరు అతని భార్య తమ్ముడే. మూడేళ్ళ కిందట ఈ ఉద్యోగానికి దరఖాస్తు దగ్గరుండి రాయించింది ఇతనే. ఇంట్లో ‘నువ్వు’, గేటు దాటితే ‘సార్’.

“గంటా? ఆ నోటికి బోల్టు బిగించెయ్. దాని వాటా మిగతావాటికి పోతుంది.”

“ఇది కుళాయి కాదు సార్, ఒకటి కట్టేస్తే పక్కదాంట్లో ధార పెరగడానికి. ఒక్క నోరు మూస్తే అన్నీ ఎండిపోతాయి.”

“గ్రీజు పూసేవాడివి నాకు పాఠాలు చెప్తావా?”

సూపర్‌వైజరు తనే బోల్టు బిగించాడు. పంపు అలారం మోగితే దాని తీగ పీకేశాడు. పుల్ల కదల్లేదు. అతను మూడుసార్లు వెళ్ళి చెప్పాడు. మూడుసార్లూ సూపర్‌వైజరు పొమ్మన్నాడు. టీ చల్లారిపోయింది.

మధ్యాహ్నం మూడో బేరింగు పొగలు కక్కి బిగుసుకుపోయింది. మూసింది ఆరోదాన్ని, మాడింది మూడోది. అతను బోల్టు విప్పి జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం బావమరిది కాగితంతో ఇంటికొచ్చాడు. ‘గ్రీజు పెట్టడం మరిచిపోయాను’ అని అందులో ముందే టైపు చేసి ఉంది.

“ఒక్క సంతకం బావా. నిన్నైతే వారం ఇంట్లో కూర్చోబెడతారు. నన్నైతే పీకేస్తారు.”

“ఇరవై ఆరేళ్ళలో ఒక్క పూట మరిచిపోయానట్రా?” అరికాలి మంట నెత్తికెక్కింది. “చేసింది నువ్వు, మోసేది నేనా? అక్కకి చెప్పు, ఆ బోల్టు బిగించిందెవరో!”

బావమరిది తల దించుకున్నాడు. వంటింట్లోంచి వచ్చిన అక్కకు తమ్ముడి ముఖం చూడగానే అంతా అర్థమైంది. అయినా కలం తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

“వాడు నా చేతుల్లో పెరిగినవాడండీ. మీరొక్కరు నోరు మూసుకుంటే ఇంటిల్లిపాదీ చల్లగా ఉంటాం.”

అతను ఆమె వైపు చూశాడు. జేబులోంచి బోల్టు తీసి కాగితం మీద పెట్టాడు. చెప్పులేసుకుని గుమ్మం దాటాడు.

కలం మూత తీయకుండానే ఉంది. సంతకం పెట్టాల్సిన చోట బోల్టు నిలబడి ఉంది. దాని చుట్టూ గ్రీజు మరక మెల్లగా పాకి, ఒక్కో అక్షరాన్నీ తడుపుతోంది.